ప్రథమ ఫలంగా పోయిన మిషను

‘నిలకడ’ సీరియల్ – పదకొండో భాగం

పోయిన వారం అబిగయీలును మనం ఖాళీ బల్ల ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి కదులుదాం. అబిగయీలు మొన్నమొన్నటి దాకా సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలో పనిచేసింది. తొట్లలో నీటి వేడి ఒక డిగ్రీ కూడా అటూ ఇటూ పోకుండా చూడడం ఆమె ఉద్యోగం. హేచరీ మూతపడ్డాక మనుబోలులో తల్లి మగ్దలీనమ్మ దగ్గరికి వచ్చేసి, ఇంట్లో వాడుకునే పాత ఎస్ప్రెసో కాఫీ మిషన్లు చెన్నై నుంచి తెప్పించి వాటిని మార్చి అమ్మే పని పెట్టుకుంది. ఆ చిన్న మిషన్లకు ఒక జబ్బుంది. నీళ్ళు ఒకసారి మరీ కాగి కాఫీ చేదెక్కుతుంది, ఇంకోసారి చల్లారి పుల్లగా దిగుతుంది. అబిగయీలు వాటికి హేచరీ తొట్లకు వాడే కంట్రోలరు బిగించి, నీళ్ళు తొంభై మూడు డిగ్రీల దగ్గర నిలబడేట్టు చేస్తుంది. రొయ్య పిల్లకైనా కాఫీకైనా నిలకడ ముఖ్యం అని ఆమె అందరికీ చెప్తుంటుంది, వినే ఓపిక ఉన్నా లేకపోయినా. ఆమెకు తోడుగా వైరింగు పని చూసేవాడు పర్వేజ్, ఊళ్ళో ఫ్రిజ్జులు ఏసీలు బాగుచేసే మెకానిక్కు.

ఈ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఇంకో బల్ల మీద పరీక్షలో ఉన్న రెండో మిషన్‌లో, హీటరుకు కరెంటు ఇచ్చి ఆపే రిలే ఆ వచ్చిన ఊపుకు లోపల అతుక్కుపోయింది. తొంభై మూడు దగ్గర ఆగాల్సిన అంకె ఆగకుండా ఎక్కుతూనే పోయింది. చివరికి థర్మల్ ఫ్యూజు టప్పున తెగి కరెంటు ఆపేసింది కాబట్టి సరిపోయింది. పర్వేజ్ అమ్మయ్య అనుకున్నాడు. ఆ వెంటనే అతనికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. మొదటి మిషనుకు కూడా అదే పొట్లంలోని రిలే వేశాడు. దానికి ఫ్యూజు లేదు. పరీక్షలో తెగిపోతే, కొత్తది వచ్చేదాకా అనుకుని ఆ జాగాలో ఇంత తీగ ముక్క కలిపి పెట్టాడు. ఎవరూ ముట్టుకోకుండా మూత మీద ఎర్ర టేపు అడ్డంగా అంటించాడు.

ఆ మిషను ఉండాల్సిన బల్ల మీద ఇప్పుడు దుమ్ములో నాలుగు గుండ్రటి కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి.

"అమ్మా!" అని అబిగయీలు పెరట్లోకి వెళ్ళింది.

మగ్దలీనమ్మ కత్తిపీట ముందు కూర్చుని గుమ్మడికాయ కోస్తోంది. నిన్న ఆదివారం, అబిగయీలు పాత మిషన్ల కోసం చెన్నై పోయి ఉండగా, చర్చిలో జరిగిన కోత పండుగ వేలంలో తాను పాడి గెలుచుకున్న గుమ్మడికాయ అది. కాయ కన్నా ఆమె మొహమే ఎక్కువ మెరుస్తోంది.

"అమ్మా, బల్ల మీద మిషనుండాలే, ఎర్ర టేపు అంటించింది. యాడ పెట్టినావు?"

"ఏ మిషను?" అంది మగ్దలీనమ్మ, కత్తిపీట మీది నుంచి చూపు ఎత్తకుండా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె పైట చెంగు సర్దుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ తల్లిని చూస్తున్న అబిగయీలుకు అది చాలు.

"ఎవురికన్నా ఇచ్చినావా మా?"

"ఎవురికో ఎందుకిస్తా? దేవుడికిచ్చినా."

పర్వేజ్ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతనికి ఆ మాట సరిగా అర్థం కాలేదు. "దేవుడికంటే, పెద్దమ్మా?"

"ప్రథమ ఫలం నాయనా. మా కాడ పద్ధతి. తొలి కాపు, తొలి పంట, తొలి కోడిపిల్ల, ఏదైనా సరే మొదటిది కోత పండుగనాడు గుళ్ళో పెట్టాల. ఆరాధన అయినాక వేలం పాడతారు. నేనేమో ఈ పిల్ల ఉద్యోగం పొయ్యి ఇంటికొచ్చినప్పుడే మొక్కుకున్నా. దీని చేతి మీద ఏది మొదలైతే దాంట్లో మొదటిది నీకేనయ్యా ప్రభువా అని. ఆ పొద్దు ఆ మిషన్‌లో కాఫీ తాగి నువ్వే గదమ్మే ఎగిరి గంతేసినావు? అయిపోయిందమ్మా, కుదిరిపోయిందమ్మా అని? అయిపోయిందంటే అయిపోయినట్టే అనుకున్నా."

నిజమే, అబిగయీలు ఆ మాట అంది. కాఫీ కుదిరింది అన్న సంతోషంలో అంది. మిషను పని పూర్తయింది అనలేదు. కానీ సంతోషంలో ఉన్న మనిషి ఎవరైనా ఆ రెండు మాటల మధ్య గీత గీసి మాట్లాడతారా?

"మరి టేపు?" అన్నాడు పర్వేజ్. "దాని మీద ఎర్ర టేపు ఏసినా గదా పెద్దమ్మా, కొట్టొచ్చినట్టు కనబడేట్టు."

"అదేందయ్యా, అంత మంచి మిషను మీద అంత అసయ్యంగా! పీకేసినా. జిగురు పోకపోతే గుడ్డకు కిరసనాయిలు పెట్టి రుద్దినా, చేతులు పడిపోయినాయి. దేవుడికిచ్చేదాని మీద మరక ఉండకూడదు నాయనా. గొర్రెపిల్లనైనా వంక లేనిదాన్నే ఇయ్యాలని రాసుండాది."

ఇంక చూడండి, కాకి కూడా గుమ్మడి గింజల కోసం దిగబోయి ఆలోచించుకుంది.

అబిగయీలు కోపం మొదట పర్వేజ్ మీదికి తిరిగింది. అది న్యాయం కాదని ఆమెకూ తెలుసు, కానీ తల్లి మీదికి తిరిగితే ఏడుపు వచ్చేట్టుంది. "టేపేందన్నా, టేపు! ఆ తీగ పీకేసి పోయుండకూడదా? ప్లగ్గన్నా కత్తిరించుండకూడదా?"

"నువ్వే గదా చెల్లే చెప్పినావు. హేచరీలో తొట్టికి ఎర్ర టేపు ఏస్తే ఓనరు కూడా చెయ్యి పెట్టడని. మనం కూడా ఆ పద్ధతే పెట్టుకుందామని నువ్వే గదా అంటివి."

అదీ నిజమే. హేచరీలో ఎర్ర టేపు అంటే అక్కడ పనిచేసే వంటమనిషికి కూడా తెలుసు. మగ్దలీనమ్మ హేచరీలో పనిచేయలేదన్న సంగతి వాళ్ళిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ముగ్గురూ ఎవరికి తెలిసిన పద్ధతి వాళ్ళు తు.చ. తప్పకుండా పాటించారు. అందరూ పద్ధతిగా ఉంటేనే ఒక్కోసారి ఇంత పని జరుగుతుంది.

"ఇప్పుడేమైందని ఇద్దరూ నా మొహాన అట్టా చూస్తుండారు?" అంది మగ్దలీనమ్మ. ఆమె గొంతులో మొదటిసారి బెరుకు వినబడింది.

పర్వేజ్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమ్మా, ఆ మిషన్‌లో చిన్న బాయిలరుంటాది, నీళ్ళు కాగే డబ్బా. నీళ్ళు చాలినంత కాగితే కంట్రోలరు చాలు అంటాది, రిలే కరెంటు ఆపేస్తాది. మేమేసిన రిలేలు మంచివి కావు. ఇయ్యాల ఒకటి అతుక్కపోయింది. అట్టా అయితే హీటరు ఆగదు. అప్పుడు ఫ్యూజు తెగి కాపాడాల. ఆ మిషన్‌లో ఫ్యూజు జాగాలో ఉత్త తీగ ఉండాది. కాపలా కుక్కను ఇప్పేసి తాడు ఒక్కటే కట్టేసినట్టు."

"అతుక్కుంటే ఏమైతాది?"

"ముందు లోపల ఆవిరి బిగబట్టి ఉంటాది. ఎవురన్నా పొడి మారుద్దామని ఆ పొడేసే గిన్నె పిడి తిప్పి ఊడదీసినారనుకో, ఆవిరీ మరిగే నీళ్ళూ మొహాన కొడతాది. ఎవురూ ముట్టకపోతే నీళ్ళన్నీ ఇగిరిపోయి, ఉత్త డబ్బా కాలి, మంటలే."

"అయితే దాందీ అతుక్కుంటాదని ఏముండాది? దీంది అతుక్కుంటే దాందీ అతుక్కోవాల్నా?"

"అతుక్కోకపోవచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడే దానికి దెబ్బ. ఇయ్యాల మనకట్టానే అయింది."

"ఎవరు పాడుకున్నారమ్మా వేలంలో?" అని అడిగింది అబిగయీలు.

మగ్దలీనమ్మ కత్తిపీట వంచింది. గింజలు ఒక పక్కకు నెట్టింది. చెప్పడానికి ఆమెకు ఇష్టం లేదు. ఆ ఇష్టం లేకపోవడం వెనక పెద్ద కథే ఉంది.

"మాథ్యూ," అంది చివరికి. "మన ఎస్తేరక్క కొడుకు. పోటీ మీద పోటీ పడి పాడినాడు. పాస్టరు క్రీస్తురాజు గారు పైకెత్తి చూపించి, ఇది మన మగ్దలీనమ్మ గారి కూతురు సొంతంగా చేసిన మిషను అని చెప్తా ఉంటే, గుడంతా ఒకటే చప్పట్లు."

ఎస్తేరమ్మా మగ్దలీనమ్మా ఒకే గాయక బృందంలో పక్కపక్కన నిలబడి పాడుతూ పెద్దవాళ్ళయ్యారు. ప్రాణ స్నేహితులు, ఆ మాటకొస్తే ప్రాణ పోటీదారులు కూడా. ఎస్తేరమ్మ కొడుకు రొయ్యల చెరువులకు సలహాలిచ్చే ఉద్యోగంలో గూడూరులో ఇల్లు కట్టాడు. మగ్దలీనమ్మ కూతురు ఉద్యోగం పోయి ఇంటికొచ్చింది. ఈ మధ్య పాట మధ్యలో కూడా ఎస్తేరమ్మ జాలిగా చూస్తోందని మగ్దలీనమ్మకు అనుమానం. ఆదివారం ఆ మిషను వేలంలో పైకెత్తి చూపించినప్పుడు ఆ జాలికి ఒక్కసారిగా జవాబు చెప్పినట్టయింది.

"ఫోను చెయ్యి మా, మాథ్యూ అన్నకి," అంది అబిగయీలు.

"చేసి ఏమని చెప్పాల? మా పిల్ల చేసింది పనికిరాలా, తిరిగి ఇచ్చేయండి అనా? గుళ్ళో పెట్టినదాన్ని యనక్కి అడగతారామే? రేపు ఎస్తేరక్క మొహం నేనెట్టా చూడాల? అసలే ఆమె..."

"అమ్మా!" అబిగయీలు గట్టిగా అరిచింది. ఎప్పుడూ తల్లి మీద అలా అరవలేదు. "ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఎవరు?"

మగ్దలీనమ్మ చేతిలోని గుమ్మడి ముక్క కింద పడేసింది.

మాథ్యూ పొద్దున లేస్తే చెరువుల మీదికి పోతాడు. భార్య నెల్లూరులో టీచరు, సాయంత్రం బస్సుకు గానీ రాదు. ఆ ఇంట్లో పగలంతా ఉండేది ఎస్తేరమ్మ ఒక్కతే. మధ్యాహ్నం అన్నం తిని, గ్రిల్లుకు లోపల తాళం వేసుకుని, వినికిడి మిషను తీసి దిండు కింద పెట్టి పడుకుంటుంది. లేవగానే కాఫీ పడకపోతే ఆమె మనిషి కాదు.

"అక్క," అంది మగ్దలీనమ్మ. ఆ ఒక్క మాటే అంది. చేతికి అంటిన గుమ్మడి పీచు కూడా తుడుచుకోకుండా ఫోను వెతుక్కుంటూ లోపలికి పరుగెత్తింది. పరువు సంగతి ఆ తరవాత ఆ రోజంతా ఆమె నోట రాలేదు.

ఎస్తేరమ్మ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. మాథ్యూ ఫోను మూడో ప్రయత్నానికి కలిసింది. వెనక గాలి హోరు, నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు.

"వందనాలు పిన్నమ్మా! నేనే చేద్దామనుకుంటుండా. అబిగయీలుకి చెప్పండి, మిషను అదిరిపోయింది. అమ్మకైతే కాళ్ళు నేల మీద ఆనడం లా, వచ్చినోళ్ళకందరికీ అదే చూపిస్తా ఉండాది..."

అబిగయీలు ఫోను లాక్కుంది. "మాథ్యూ అన్నా, నేను. ఆ మిషను ప్లగ్గు తీసుండాదా ఇప్పుడు?"

"ఎందుకు తీస్తాం? దానికి నేను స్మార్ట్ ప్లగ్గు పెట్టినా. అమ్మకు స్విచ్చులు గుర్తుండవు గదా. ఆమె నిద్ర లేచే ఏళకు అదే ఆన్ అయ్యి నీళ్ళు రెడీగా పెట్టేస్తాది. ఎట్టుండాది అయిడియా?"

మనుషుల ప్రేమలో కూడా ఇంత ప్రమాదం ఉంటుందని అబిగయీలు ఎన్నడూ అనుకోలేదు. సాధ్యమైనంత మెల్లగా, మాట తడబడకుండా, సంగతి చెప్పింది.

"ఉండుండు," అన్నాడు మాథ్యూ. "ఫోన్‌లోనే ఆపేస్తా. యాప్ తెరుస్తుండా... ఆఫ్‌లైన్ అంటుండాది. ఆ... మా వీధిలో కరెంటు లేదు పొద్దున్నుంచి. లైను పనులంట, సాయంత్రం ఇస్తామన్నారు. అందుకే రావడం లా."

"కరెంటు లేదా?" అబిగయీలుకు ఊపిరి వచ్చింది. "అయితే ఇప్పుడు భయం లేదు."

"ఇప్పటికి లేదు," అన్నాడు పర్వేజ్ పక్క నుంచి. "అన్నా, ఆ ప్లగ్గు కరెంటు పోయి వస్తే ఏం చేసేట్టు పెట్టినావు?"

"వస్తానే ఆన్ అయ్యేట్టు పెట్టినా," అన్నాడు మాథ్యూ నీరసంగా. "మా కాడ కరెంటు పోతా వస్తా ఉంటాది గదా. అమ్మ కాఫీ తప్పిపోకూడదని."

"పక్కింటోళ్ళెవరన్నా ఉండారా? ఫోను చేసి..."

"పెళ్ళికి పోయుండారు. నేను దొరవారిసత్రం అవతల చెరువు గట్టు మీదుండా, బయల్దేరినా ఎప్పటికొస్తానో... నేను యాప్ నొక్కతానే ఉంటా, మీరు..." అని సగంలో మాట తెగిపోయింది. మళ్ళీ చేస్తే కవరేజీ ప్రాంతంలో లేరన్నారు.

పర్వేజ్ గూడూరులో తనకు తెలిసిన లైన్‌మన్‌కు ఫోను కొట్టాడు, కాసేపు కరెంటు ఇయ్యొద్దని చెప్పడానికి. మోగుతోందే గానీ తీయడం లేదు. "స్తంభం మీదుండేవోడు ఫోనెట్టా ఎత్తుతాడు," అని గొణుక్కుంటూ బండి తాళాలు అందుకున్నాడు.

అతని సరుకు ఆటోలో ముందు సీటు ఇద్దరికే ఇరుకు. ముగ్గురూ ఎక్కారు. మగ్దలీనమ్మను ఇంట్లో ఉండమంటే ఆమె చూసిన చూపుకు ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వెనక పాత ఫ్రిజ్జు తలుపులు దడదడ కొట్టుకుంటుండగా బండి హైవే ఎక్కింది.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను? హైవే మీద లారీ డ్రైవరుకు తొందర లేదు, ధాన్యం ట్రాక్టరుకు అసలే లేదు. తొందరంతా ఈ మూడు చక్రాల బండిలోనే ఉంది. అబిగయీలు దారి పొడుగునా ఒక్కటే చూస్తోంది, కొట్లలో ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా అని. ఒక టిఫిన్ సెంటర్‌లో తిరుగుతోంటే గుండె జారిపోయేది. అది వేరే లైనని, కాదంటే ఇన్వర్టరని పర్వేజ్ చెప్పేవాడు. ఇంకో చోట ఫ్యాను ఆగి ఉంటే ప్రాణం లేచి వచ్చేది. తొట్టిలో నీళ్ళు చల్లారిపోతున్నాయని హేచరీలో ఎన్ని పగళ్ళు కంగారు పడిందో, అవేవీ దీని ముందు కంగారు అనిపించలేదు. తొట్టిలో పిల్లలు పోతే ఇంకో తొట్టి పెట్టొచ్చు.

"అబిగయీలు," అంది మగ్దలీనమ్మ. "ఆ టేపు మీద ఏమన్నా రాసుండిందా మే?"

"లేదు మా."

"రాసుంటే చదివేదాన్నే."

"తెలుసమ్మా."

"మరక అనుకున్నా."

అబిగయీలు తల్లి చెయ్యి పట్టుకుంది. చేతికి ఇంకా కిరసనాయిలు వాసన వస్తోంది, రెండు పూటలు సబ్బు పెట్టినా పోని వాసన. అంత శ్రద్ధగా తుడిచింది. కూతురు మొదలుపెట్టిన పని దేవుడి ముందు తళతళలాడాలని తుడిచింది. అబిగయీలుకు కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు, భయం మాత్రం అలాగే ఉంది. ఎస్తేరమ్మకు ఏమైనా అయితే ఇంక తను ఏ మిషను మూతా విప్పలేదు. తల్లి ఏ పాటా పాడలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గూడూరులో మలుపు తిరిగి ఆ వీధిలోకి రాగానే పర్వేజ్ పెద్దగా ఊపిరి వదిలాడు. "కరెంటు లా."

అవును, లేదు. ముసలాళ్ళు అరుగుల మీద కూర్చుని విసనకర్రలు ఊపుకుంటున్నారు. ఒకామె వాకిట్లో చాప వేసి పసిబిడ్డకు చెంగుతో విసురుతోంది. జనమంతా ఉక్కపోతకు కరెంటోళ్ళను తిట్టిపోస్తుంటే, ఆటోలో ముగ్గురికి మాత్రం ఆ ఉక్కపోత స్వర్గంలా ఉంది.

"స్తోత్రం తండ్రీ," అంది మగ్దలీనమ్మ కళ్ళు మూసుకుని.

ఆమె కళ్ళు తెరిచేలోపే వీధి చివర పిల్లలు ఒక్కసారిగా కేక పెట్టారు.

"కరెంటొచ్చిందోయ్!"

అరుగుల మీది వాళ్ళు విసనకర్రలు పక్కన పడేసి లోపలికి లేచారు. ఒక ఇంట్లో టీవీ గట్టిగా మోగింది. ఇంకో ఇంట్లో మిక్సీ తిరిగింది, ఎవరో ఆపడం మరిచిపోయారు. వీధి వీధంతా సంబరపడిపోతోంది. అబిగయీలు బండి ఆగకముందే దూకింది.

ఎస్తేరమ్మ ఇంటి గ్రిల్లుకు లోపలి నుంచి తాళం. మీటరూ మెయిను స్విచ్చూ ఆ గ్రిల్లుకు అవతల గోడ మీద, చెయ్యి చాచినా అందనంత దూరంలో. పర్వేజ్ గ్రిల్లు పట్టుకుని ఊపుతున్నాడు, "అమ్మా, అమ్మా" అని గొంతు చించుకుంటున్నాడు. వినికిడి మిషను దిండు కింద ఉన్న మనిషికి ఏం వినబడుతుంది? మగ్దలీనమ్మ పక్క సందులోంచి వంటింటి వైపు పరుగెత్తింది. ఆ ఇల్లు ఆమెకు తన ఇల్లంత తెలుసు. అబిగయీలు వెనకే వెళ్ళింది. వంటింటి కిటికీకి ఇనప చువ్వలు, లోపల అద్దం తలుపు వేసి ఉంది.

అద్దంలోంచి మిషను కనబడుతోంది. గట్టు మీద, పూల గుడ్డ పరిచి, నట్టింట్లో కొత్త కోడలిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. కంట్రోలరు మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. పెద్దవాళ్ళకు కూడా దూరం నుంచి కనబడాలని అబిగయీలే ఏరి కోరి పెద్ద అంకెలున్నది పెట్టింది.

డెబ్బై ఒకటి. డెబ్బై ఎనిమిది. ఎనభై ఆరు.

"ఆగతాదిలే," అంది అబిగయీలు తనలో తను. "రిలే బాగుంటే ఆగతాది." తొంభై మూడు వచ్చింది. తొంభై అయిదు దాకా ఒకసారి ఎక్కి మళ్ళీ దిగడం ఆ కంట్రోలరు అలవాటు, అది ఆమెకు తెలుసు. తొంభై అయిదు కూడా వచ్చింది. ఆమె చువ్వలు గట్టిగా పట్టుకుంది. దిగు, దిగు అనుకుంది.

తొంభై ఎనిమిది. నూట రెండు. నూట తొమ్మిది.

"అన్నా! అతుక్కుంది! పగలగొట్టు!" అని అరిచింది. గ్రిల్లు దగ్గర పర్వేజ్ రెంచీతో తాళం మీద బాదుతున్న చప్పుడు మొదలైంది. మగ్దలీనమ్మ రెండు చేతులతో అద్దం మీద కొడుతోంది.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. ఎస్తేరమ్మ, నిద్ర మొహంతో, జుట్టు ముడి వేసుకుంటూ లోపలికి వచ్చింది. ఫ్యాను తిరిగేసరికి మెలకువ వచ్చినట్టుంది. మిషను మీద వెలుగు చూసి ఆమె మొహం విప్పారింది. తరవాత కిటికీ చూసింది. కిటికీలో మగ్దలీనమ్మను చూసింది.

ఆ మొహంలో ఎంత సంతోషం! పిలవకుండా వచ్చిన స్నేహితురాలు, పక్కనే ఆ మిషను చేసిన పిల్ల. చెవి చూపించి, వినబడడం లేదు అన్నట్టు తల ఊపి నవ్వింది. గ్రిల్లు తీస్తా ఉండండి అన్నట్టు చెయ్యి చూపి రెండడుగులు అటు వేసింది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. అలమరలోంచి మంచి కప్పులు తీసి గట్టు మీద పెట్టింది. కాఫీ ఒకటి దించి, అది పట్టుకునే తలుపు తీద్దామనుకుంది కాబోలు.

అబిగయీలు రెండు చేతులూ అడ్డంగా ఊపింది. మగ్దలీనమ్మ తల అడ్డంగా ఊపుతూ, వద్దు అక్కా, వద్దు వద్దు అని దండం పెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

కానీ కాఫీ వద్దన్న చుట్టం మాట మన ఇళ్ళలో ఎవరు విన్నారు? మర్యాదకు అందరూ వద్దనే అంటారు. ఎంత వద్దంటే అంత బలవంతం చేయాలి. ఎస్తేరమ్మ కూడా, చాల్లే నీ మొహమాటం, అన్నట్టు చెయ్యి విసిరి మిషను వైపు తిరిగింది.

ఆమె భుజం పక్క నుంచి అంకె కనబడుతోంది. నూట నలభై ఎనిమిది.

ఎస్తేరమ్మ కొత్త పొడి వేయడానికి పొడి గిన్నె పిడి మీద చెయ్యి వేసి, తిప్పింది.